ఒక అక్షరము - ఒక సంఖ్య: సింహళ లిపిలోని ‘జ్ఞ’ కథ

‘జ్ఞానము’ అను పదములో అక్షరము లెన్ని యని ఉపాధ్యాయుడు అడిగినచో విద్యార్థులు వెంటనే ‘మూడు’ అని చెప్పుదురు. ‘జ్ఞా’ ఒకటి, ‘న’ ఒకటి, ‘ము’ ఒకటి. కాని వ్యాకరణము నేర్చిన విద్యార్థి యొకడు లేచి, “మొదటి అక్షరములోనే జకారము, ఞకారము, ఆకారము అని మూడు వర్ణములున్నవి గదా!” అని అనవచ్చును. ఇద్దరు చెప్పినదియు సరియే. కంటికి ఒకటిగా కనబడునది చెవికి, వ్యాకరణమునకు ఒకటి కానక్కరలేదు. మనుష్యుల వ్యవహారములో ఈ భేదము వలన చిక్కు రాదు. సందర్భమును బట్టి ఒకప్పుడు ఒక లెక్కను, మరొకప్పుడు మరొక లెక్కను వాడుకొందురు.

ఇదే ప్రశ్న కంప్యూటరునకు ఎదురైనచో సంగతి వేరు. దానికి ఒకే సమాధానము కావలెను. ఆ సమాధానము ముందుగనే నిర్ణయింపబడి, ప్రపంచమందలి యంత్రము లన్నిటికిని సమానముగ ఉండవలెను. తెలుగు ‘జ్ఞ’కు ఇచ్చిన సమాధానము ‘మూడు’. అనగా ఈ అక్షరమును కంప్యూటరు మూడు సంఖ్యలుగా దాచుకొనును. సముద్రమునకు ఆవల శ్రీలంకలో వాడుకలోనున్న సింహళ లిపిలోని ‘జ్ఞ’కు ఇచ్చిన సమాధానము ‘ఒకటి’. దాని సంఖ్య 3493.

రెండు లిపులును బ్రాహ్మీ లిపి నుండి పుట్టినవే. రెండు భాషలును ‘జ్ఞానము’, ‘ప్రజ్ఞ’, ‘జ్ఞాతి’ వంటి శబ్దములను సంస్కృతము నుండియే గ్రహించినవి. అట్లయ్యు ఒకచోట మూడు, మరొకచోట ఒకటి యేల అయినది? ఈ చిన్న ప్రశ్న వెనుక ఒక లిపి చరిత్రయు, ఒక జాతి తన అక్షరములను యంత్రయుగములో నిలుపుకొన్న విధమును దాగియున్నవి.

అక్షరమునకు సంఖ్య యేల?

కంప్యూటరునకు అక్షర మనగా ఏమో తెలియదు. విద్యుత్తు ఉన్నది, లేదు అను రెండు స్థితులే దానికి తెలిసినవి. వాటిని 1, 0 అని వ్రాయుదురు. కావున అక్షరమును దానికి అప్పగింపవలెనన్న మొదట ఆ అక్షరమునకు ఒక సంఖ్యను కేటాయించి, ఆ సంఖ్యను ఒకట్లు, సున్నలుగా మార్చవలెను. సింహళ ‘జ్ఞ’ సంఖ్యయైన 3493 ఈ పద్ధతిలో 110110100101 అగును. విద్యార్థులు దీనిని సరిచూచుకొనవచ్చును. 2048, 1024, 256, 128, 32, 4, 1 కూడినచో 3493 వచ్చును.

ఈ సంఖ్యలు ఎవరికి తోచినట్లు వారు పెట్టుకొన్నచో ఒకరు వ్రాసినది మరొకరు చదువజాలరు. అందుచే 1963లో అమెరికా దేశమున ఆంగ్లమునకు ‘ఆస్కీ’ అను ప్రమాణ పట్టిక వెలువడినది. దానిలో 128 స్థానములు కలవు. ఆంగ్ల పెద్దక్షరము ‘ఏ’కు 65, ‘బి’కి 66 - ఈ విధముగ వరుస సాగును. ఆంగ్ల వర్ణమాలకు అది చాలును. భారత ద్వీపకల్పమందలి లిపులకు దానిలో చోటులేదు.

భారతదేశములో ఈ కొరత తీర్చుటకు ‘ఇస్కీ’ అను ప్రమాణము ఏర్పడి 1991లో భారతీయ ప్రమాణముగ స్థిరపడినది. దాని మూలసూత్రము చక్కనిది. దేవనాగరి, తెలుగు, కన్నడము మున్నగు లిపులలో ఆకారములు వేరైనను వర్ణక్రమము ఒక్కటే గదా! కావున ‘జ’ అను ధ్వనికి అన్ని లిపులలోను ఒకే స్థానము. సంయుక్తాక్షరములకు ప్రత్యేక స్థానములు లేవు. హల్లునకు పొల్లు గుర్తు చేర్చి, దాని ప్రక్కన మరొక హల్లు నుంచినచో సంయుక్తాక్షరము సిద్ధించును. పాణిని కాలము నుండి వ్యాకరణవేత్తలు చెప్పుచున్న వర్ణ విభజనమే ఈ యంత్ర సూత్రమునకును పునాది యైనది.

1991లోనే ప్రపంచ లిపులన్నిటిని ఒకే పట్టికలోనికి తెచ్చు యూనికోడు మొదటి కూర్పు వెలువడినది. భారతీయ లిపులకు అది ఇస్కీ వరుసనే అనుసరించినది. ఒక్కొక్క లిపికి 128 స్థానముల గడి నిచ్చిరి. దేవనాగరి ‘జ’ సంఖ్య 2332. దానికి 768 కలిపినచో 3100 - అది తెలుగు ‘జ’. మరి 128 కలిపినచో 3228 - అది కన్నడ ‘జ’. ఒకే మూసలో పోసిన ఇటుకల వలె ఈ లిపులు వరుసగ అమరినవి. తెలుగు ‘జ్ఞ’ ఈ పద్ధతిలో 3100 (జకారము), 3149 (పొల్లు), 3102 (ఞకారము) అను మూడు సంఖ్యల కూడిక అయినది.

ఆ మొదటి కూర్పులో సింహళమునకు స్థానము లేదు.

మూసలో ఇమడని లిపి

సింహళ గడి యూనికోడులో 3456 నుండి 3583 వరకు గల స్థానములు. ఆ లిపియు ఇస్కీ మూసలోనే ఇమిడియున్నచో దాని జకారము 3484వ స్థానమున ఉండవలసినది. కాని అచట నున్నది గకారము. జకారము ఆరు స్థానములు దాటి 3490లో నున్నది. ఈ తేడా పొరపాటు కాదు. సింహళ వర్ణమాలలో ఇతర భారతీయ లిపులకు లేని అక్షరములు కొన్ని ఉండుటయే దీనికి కారణము.

మొదటివి అచ్చులు. తెలుగువారు ‘బ్యాంకు’ అనునప్పుడు మొదటి అక్షరములో వినబడు అచ్చునకు తెలుగులో వేరు గుర్తు లేదు. సింహళమున ఆ ధ్వనికి హ్రస్వము, దీర్ఘము అని రెండు స్వతంత్రాక్షరములే కలవు. అవి ఆకారమునకు, ఇకారమునకు నడుమ చేరినవి.

రెండవవి ‘సఞ్ఞక’ములు. ఇవి అర్ధానుస్వారముతో కూడిన హల్లులు. సింహళమున నిండు అనుస్వారధ్వనితో ‘కంద’ అన్నచో కొండ అని అర్థము. అరసున్న వంటి తేలిక ధ్వనితో ‘కఁద’ అన్నచో చెట్టు మొద్దు అని అర్థము. తెలుగులో అరసున్న పలుకుబడి నుండి తొలగి వ్రాతలో మాత్రము కొంతకాలము నిలిచినది. సింహళములో ఆ భేదము నేటికిని నాలుకపై సజీవముగ నున్నది. అందుచే గ, జ, డ, ద, బలకు జంటగా ఐదు సఞ్ఞకాక్షరములు వర్ణమాలలో చేరినవి.

మూడవది మన కథానాయకమైన ‘జ్ఞ’. చవర్గములో ‘ఞ’ 3492వ స్థానము. ఆ వెంటనే ‘జ్ఞ’ 3493వ స్థానము. దాని తరువాత సఞ్ఞక జకారము. తెలుగు ‘జ్ఞ’లో జకారమును, దాని క్రింద ఞకారపు వత్తును వేరువేరుగ గుర్తింపవచ్చును. సింహళ ‘జ్ఞ’లో జకారపు రూపము ఏ మూలను కానరాదు. బాలుడు దానిని కూడికగా గాక ఒక కొత్త బొమ్మగానే నేర్చుకొనును. వర్ణమాల పటములోను దానికి సొంత గడి కలదు.

ఉచ్చారణయు దీనికి తోడైనది. ‘జ’, ‘ఞ’ రెండును స్పష్టముగ వినబడునట్లు ఈ కూడికను పలుకుట నేడు భారతదేశమునను అరుదు. హిందీవారు ‘గ్య’ అనియు, మరాఠీవారు ‘ద్న్య’ అనియు, తెలుగువారిలో పెక్కుమంది ‘గ్న’ అనియు పలుకుదురు. సింహళమునను స్థితి ఇట్టిదే. అక్షరమును విడదీసిన భాగములకును, నోటితో పలుకు ధ్వనికిని పొత్తు కుదరదు. చెవి విడదీయలేనిది, కన్ను విడదీయలేనిది ఒక్కటేయని సామాన్యుడు భావించుట సహజము.

శుద్ధము - మిశ్రము

సింహళ లిపి చరిత్ర మిక్కిలి పురాతనమైనది. మిహింతలె, అనురాధపురము పరిసరములందలి గుహలలో బ్రాహ్మీ లిపిలో చెక్కిన దానశాసనములు క్రీస్తు పూర్వపువి. సీగిరియ కొండ వద్ద అద్దము వలె మెరయు గోడపై సందర్శకులు శతాబ్దముల క్రిందట గీసిన పద్యములను సెనరత్ పరణవితాన పరిష్కరించి 1956లో ప్రకటించెను. శ్రీతాళపత్రములపై గంటముతో వ్రాయు అలవాటు ఉన్న దేశమగుటచే అక్షరములు తెలుగు అక్షరముల వలెనే గుండ్రని రూపములు దాల్చినవి.

13వ శతాబ్దమునకు చెందిన ‘సిదత్ సఙ్గరా’ అను వ్యాకరణము దేశ్య సింహళమునకు, అనగా ఎళు భాషకు, కావలసిన అక్షరములను నిర్దేశించినది. ఒత్తక్షరములు ఆ ‘శుద్ధ సింహళ’ వర్ణమాలలో లేవు. సంస్కృత, పాళీ శబ్దములను వ్రాయుటకై మరికొన్ని అక్షరములను చేర్చినచో అది ‘మిశ్ర సింహళము’. ‘జ్ఞ’ ఈ రెండవ తెగకు చెందినది. తెలుగు పాఠకులకు ఇది వింత కాదు. చిన్నయసూరి తన బాలవ్యాకరణములో సంస్కృతమునకు ఏబది, ప్రాకృతమునకు నలువది, తెనుగునకు ముప్పదియారు వర్ణములని వేరువేరుగ లెక్క చెప్పియున్నాడు. ‘ఈ భాషకు అక్షరము లెన్ని?’ అను ప్రశ్నకు ఒకే సమాధానము లేదని రెండు దేశముల వ్యాకర్తలకును తెలియును.

1737లో కొలంబోలోని డచ్చివారి ముద్రాలయమునుండి తొలి సింహళ ముద్రిత గ్రంథము వెలువడినది. దాని అచ్చులను గాబ్రియేల్ షాడె అనునతడు పోతపోసెను. లోహపు అచ్చులను కూర్చువానికి వ్యాకరణముతో పనిలేదు. వానికి ఒక్కొక్క ఆకారము ఒక్కొక్క ముక్క. 20వ శతాబ్దములో సింహళ టైపు యంత్రమునకు ‘విజేశేకర’ అని పేరుపొందిన మీటల అమరిక ఏర్పడినది. తరువాత వచ్చిన కంప్యూటరు మీటల బల్లకును అదియే ఆధారమైనది. ఈ విధముగ వ్యాకరణము, వర్ణమాల, ముద్రణము, టైపు యంత్రము - ఈ నాలుగింటి అలవాట్లు కలగలిసిన లిపి కంప్యూటరు వాకిట నిలిచినది.

పట్టిక యేర్పడిన విధము

శ్రీలంకలో 1984లో ‘సింటెక్’ అను సమాచార సాంకేతిక మండలి ఏర్పడినది. కొలంబో విశ్వవిద్యాలయమునకు చెందిన ఆచార్య వి. కె. సమరనాయక దానికి సారథ్యము వహించెను. దేశభాషలను కంప్యూటరునకు అనువుగ చేయుట ఆ మండలి చేపట్టిన పనులలో ఒకటి. కంప్యూటరు నిపుణులతోపాటు భాషావేత్తలును ఆలోచించి సింహళమునకు ఒక సంకేత పట్టికను రూపొందించిరి. అది పరిణతి పొంది 1996లో 1134వ సంఖ్య గల శ్రీలంక ప్రమాణముగ వెలువడినది. 2004లోను, 2011లోను దానిని సవరించిరి.

ఈ ప్రయత్నము ఎంత యవసరమైనదో ఆనాటి వాడుకను చూచినచో తెలియును. ప్రమాణము లేనంత కాలము ముద్రాపకులు ఒక ఉపాయము పన్నిరి. ఆంగ్లాక్షరముల సంఖ్యలనే ఉంచి, వాటికి ఎదురుగ సింహళ ఆకారములను చిత్రించి అచ్చులు తయారుచేసిరి. తెరపై సింహళము కనబడును. లోపల దాగినది మాత్రము ఆంగ్లాక్షరముల గందరగోళము. ఆ అచ్చు లేని మరొక యంత్రములో తెరచినచో అర్థములేని వ్రాత ప్రత్యక్షమగును. ఒక అచ్చులో ‘జ్ఞ’కు నిలిపిన సంఖ్య మరొక అచ్చులో వేరొక దానికి ఉండును. తెలుగు ముద్రణాలయములును ఏండ్ల తరబడి ఇట్టి అచ్చులతోనే పనిచేసినవి. ఆ పద్ధతిలో కూర్చిన వేలకొలది పుటలు నేటికిని సూటిగ వెదకుటకు వీలులేక పడియున్నవి.

అంతర్జాతీయ పట్టికలో సింహళమును చేర్చు విషయము 1997లో గ్రీసు దేశమునకు చెందిన క్రీటు ద్వీపమున జరిగిన సమావేశమున చర్చకు వచ్చినది. 1999లో వెలువడిన యూనికోడు మూడవ కూర్పులో సింహళమునకు 80 స్థానములు లభించినవి. తెలుగు చేరిన ఎనిమిదేండ్లకు సింహళము చేరినది. ఆలస్యమైనను ఒక లాభము కలిగినది. పట్టికలో నిలిచినది పరుల మూస గాక ఆ దేశపు వర్ణమాలయే.

అక్షరముల పేర్లే దీనికి సాక్ష్యము. తెలుగు అక్షరములకు యూనికోడులో ‘తెలుగు అక్షరము క’, ‘తెలుగు అక్షరము ఖ’ అని పొడి పేర్లున్నవి. సింహళములోనో ‘అల్పప్రాణ కయన్న’, ‘మహాప్రాణ కయన్న’, ‘కంఠజ నాసిక్యయ’, ‘మూర్ధజ నయన్న’, ‘దంతజ సయన్న’ అని శిక్షాశాస్త్ర సంప్రదాయము ఉట్టిపడు పేర్లు కలవు. ధ్వని పుట్టు స్థానమును, దానికి కావలసిన ప్రాణబలమును పేరే తెలుపును. ‘ఞ’ పేరు ‘తాలుజ నాసిక్యయ’. అనగా దవుడల నుండి పుట్టిన అనునాసికము. ‘జ్ఞ’ దాని ప్రక్కనే యున్న ‘తాలుజ సంయోగ నాసిక్యయ’. ‘సంయోగ’ మను మాటను పాఠకులు గమనింపవలెను. ఒకే సంఖ్య నిచ్చినను, ఇది మూలమున కూడికయే యని పేరులో ఒప్పుకొన్నారు.

పేరులోని పొరపాటు

ఇచట ఒక విచిత్రము జరిగినది. పట్టికలో పేర్లను ఆంగ్లాక్షరములతో వ్రాయుదురు. ‘జ్ఞ’ పేరు వ్రాయునప్పుడు ఒక అక్షరము అదనముగ చేరినది. ‘నాసిక్యయ’ అని ఉండవలసినచోట ‘నాక్సిక్యయ’ అని పడినది. దానికి పైన ఒక్క వరుసలోనే, 3492వ అక్షరమునకు, ‘నాసిక్యయ’ అని సరిగనే యున్నది. జ్ఞానమునకు మొదటి అక్షరమైన ‘జ్ఞ’ పేరులోనే ఈ దోషము దొరలినది!

దోషము తెలిసిన వెంటనే దిద్దరాదా యని ఎవరికైనను తోచును. దిద్దరు. ఏలయన యూనికోడులో ఒకసారి ప్రకటించిన సంఖ్యను గాని, పేరును గాని ఎన్నటికిని మార్చరాదను కట్టుబాటు కలదు. ఈ కట్టుబాటు అనుభవము నేర్పిన పాఠము. తొలి కూర్పులలో కొరియా భాషకు 6656 అక్షరములు ఒకచోట నుండెను. 1996లో రెండవ కూర్పు వచ్చినప్పుడు వాటిని తొలగించి, 11172 అక్షరములను వేరొకచోట నెలకొల్పిరి. పాత సంఖ్యలతో దాచిన వ్రాతలు దానితో చదువుటకు పనికిరాకుండ పోవు స్థితి కలిగినది. అట్టి మార్పు మరల జరుగరాదని నిశ్చయించుకొనిరి. తప్పుగ పడిన పేరును అట్లే ఉంచి, అవసరమైనచోట ప్రక్కన సరియైన మారుపేరును చేర్చుట ఆచారమైనది. ఈ గతి సింహళమునకే పట్టలేదు. 2005లో చేరిన ఒక కుండలీకరణ చిహ్నపు ఆంగ్ల నామములోను అక్షరములు తారుమారై నేటికిని నిలిచియున్నవి.

శిలాశాసనమున శిల్పి ఒక అక్షరము తప్పు చెక్కినచో తరతరముల వారు దానిని అట్లే చదువుదురు. అక్షర మనగా నశింపనిది గదా! యంత్రయుగములో ఆ మాట మరింత నిజమైనది. పేరు తప్పినను పని చెడలేదు. సంఖ్య చక్కగనే పనిచేయుచున్నది. కాని ఇట్టి పట్టికలను సిద్ధము చేయునప్పుడు భాష తెలిసినవారి కన్ను ప్రతి పంక్తిపై పడుట ఎంత ముఖ్యమో ఈ చిన్న తప్పు శాశ్వతముగ గుర్తుచేయుచుండును.

ఒకటియా, మూడా?

ఒకే సంఖ్య మేలా, మూడు సంఖ్యలు మేలా యను వివాదమునకు రెండు వైపుల నుండియు సాక్ష్యములున్నవి.

నేడు విరివిగ వాడు పద్ధతిలో ఈ గడులందలి ప్రతి సంఖ్యయు మూడు బైట్ల చోటును ఆక్రమించును. సింహళ ‘జ్ఞ’కు మూడు బైట్లు చాలును, తెలుగు ‘జ్ఞ’కు తొమ్మిది కావలెను. అయితే నేటి యంత్రములలో చోటునకు కొదువ లేదు. కావున ఈ లాభము స్వల్పము.

వెదకుటలో చిక్కున్నది. సింహళములో ఎవరైన జకారము, పొల్లు, ఞకారము వేరువేరుగ వ్రాసి ‘జ్ఞ’ను కూర్చినచో, అది 3493తో సమానమని యూనికోడు ఒప్పుకొనదు. ఒకే పదము రెండు విధములుగ దాగియుండును. ఒకదానిని వెదకినచో రెండవది దొరకదు. తెలుగులో దారి ఒక్కటే గావున ఈ బాధ లేదు.

అకారాది క్రమమునను ఇట్టి చిక్కే కలదు. తెలుగు నిఘంటువులో ‘జ్ఞానము’ జకారము క్రింద వచ్చును. సింహళ కంప్యూటరు పట్టికలలో రెండు పద్ధతులు కలవు. సామాన్య పద్ధతిలో ‘జ్ఞ’ ప్రత్యేకాక్షరము. నిఘంటు పద్ధతిలో దానిని జకార ఞకారముల కూడికతో సమానముగ లెక్కింతురు. అనగా సంఖ్య ఒక్కటే యైనను, నిఘంటుకారుడు దానిని విడదీసియే చూచును.

మూడు సంఖ్యల పద్ధతికిని మూల్యము కలదు. విడివిడి సంఖ్యలను చదివి, వాటిని ఒకే అక్షరముగ తెరపై పేర్చు పని అచ్చుపై, దానిని నడుపు కార్యక్రమముపై పడును. ఆ కార్యక్రమములో లోపమున్నచో ఏమగునో 2018 ఫిబ్రవరిలో లోకమంతయు చూచినది. ఆనాడు ఆపిల్ సంస్థ ఫోనులకు ఒక తెలుగు అక్షరము చేరినచో దానిని చూపబోయిన కార్యక్రమము కుప్పకూలెడిది. ఆ అక్షరము మరేదియో కాదు - ‘జ్ఞా’! జకారము, పొల్లు, ఞకారము, వాటి వెంట కంటికి కనబడని ఒక విడదీయు గుర్తు, చివర దీర్ఘము - 3100, 3149, 3102, 8204, 3134 అను ఐదు సంఖ్యల వరుసను ఆ యంత్రము పేర్చలేకపోయినది. ఫిబ్రవరి 19న వెలువడిన సవరణతో ఆ లోపము తొలగినది. తప్పు అక్షరముది కాదు, తెలుగుది అసలే కాదు. కాని ‘ఒక అక్షరమే యంత్రమును కూల్చినది’ అని పత్రికలు వ్రాసినవి.

కనబడని కలుపు గుర్తు

సింహళములో ‘జ్ఞ’కు సొంత సంఖ్య లభించినను, తక్కిన సంయుక్తాక్షరములు కూడికలుగనే ఉండిపోయినవి. వాటి సంగతి తెలిసినగాని ‘జ్ఞ’ భాగ్యము విలువ తెలియదు.

తెలుగులో హల్లు, పొల్లు, హల్లు వరుసగ వచ్చినచో అవి తమంతట కలిసిపోవును. కలియకుండ ఆపవలెనన్న విడదీయు గుర్తును వాడవలెను. సింహళము దీనికి విరుద్ధము. అచట పొల్లు గుర్తు - దానిని ‘అల్ లకుణ’ అందురు - ఉన్నచో హల్లు పొల్లుగనే నిలుచును. కలుపవలెనన్న పొల్లు వెంట 8205 సంఖ్య గల కనబడని కలుపు గుర్తును చేర్చవలెను. రకారపు వత్తునకు, యకారపు వత్తునకు, వలపలగిలక వంటి రేఫమునకు ఇదియే మార్గము.

ఆ దేశము పేరులోని ‘శ్రీ’నే ఉదాహరణగ తీసికొనవచ్చును. 1972లో సిలోను దేశము శ్రీలంక యైనది. ఆ ‘శ్రీ’ని సింహళమున వ్రాయుటకు శకారము 3521, పొల్లు 3530, కలుపు గుర్తు 8205, రకారము 3515, దీర్ఘమైన ఈకారపు గుర్తు 3539 - ఐదు సంఖ్యలు కావలెను. వీటిలో కనబడని 8205 జారిపోయినచో ‘శ్రీ’ విడిపోయి, శకారపు పొల్లు ఒకచోట, ‘రీ’ మరొకచోట నిలుచును.

ఇది ఊహ కాదు. 2003లో అంతర్జాలపు చిరునామాలను దేశభాషలలో వ్రాయుటకు ఏర్పరచిన తొలి నియమములు, కనబడని గుర్తులు మోసమునకు దారితీయునను భయముతో 8205ను పూర్తిగ తుడిచివేసెడివి. ఆంగ్లమునకు నిరర్థకమైన గుర్తు సింహళమునకు ప్రాణమని ఆ నియమము గుర్తింపలేదు. 2010లో వెలువడిన కొత్త నియమములు, పొల్లు వెంట వచ్చినప్పుడు ఆ గుర్తును అనుమతించినవి. ‘జ్ఞ’కు మాత్రము ఈ గండము లేదు. అది ఒకే సంఖ్య. జారిపోవుటకు అందులో ఏమియు లేదు.

ముగింపు

సింహళ పట్టిక 1999తో ముగియలేదు. ప్రాచీన జ్యోతిష గ్రంథములలోని ‘లిత్’ అంకెలు పది 2014లో చేరినవి. సంస్కృత లేఖనమునకు కావలసిన చంద్రబిందువు 2020లో చేరినది. దానితో 80 స్థానములు 91 అయినవి. తెలుగు పట్టికయు పెరుగుచునే యున్నది. దంత్య చ, జలు 2008లోను, నకారపు పొల్లు 2021లోను చేరినవి. చేర్చుటకు ద్వారము తెరచియే యున్నది. మార్చుటకు మాత్రము మూసియున్నది.

ఇందువలన తెలియునది ఒకటి కలదు. అక్షరమేది, కూడిక యేది యను భేదము ప్రకృతి యేర్పరచినది కాదు. ఒక్కొక్క జాతి తన బడులలో, వ్యాకరణములలో, ముద్రణాలయములలో ఏర్పరచుకొన్నది. తెలుగు లెక్కయు తప్పు కాదు, సింహళ లెక్కయు తప్పు కాదు. గణితములో వలె దీనికి ఒకే సరియైన జవాబు లేదు. కాని యంత్రము ఒకే జవాబును కోరును. ఒకసారి చెప్పిన జవాబును విడువదు. కావున ఆ జవాబు చెప్పు సమయమున ఆ భాషను చదివిన, బోధించిన వారు అచట నుండవలెను. సింహళ ‘జ్ఞ’కు సొంత స్థానము దొరకుటకు ఆ దేశపు పండితులు ముందుగ తమ పట్టికను సిద్ధము చేసికొనుటయే కారణము. దాని పేరులో తప్పు నిలుచుటకు ఒక పంక్తిపై ఎవరి దృష్టియు పడకపోవుటయే కారణము.

నల్లబల్లపై ‘జ్ఞ’ను వ్రాయు ఉపాధ్యాయుడు అది జకార ఞకారముల సంయోగమని చెప్పిన క్షణమున, యంత్రము లోపల మూడు సంఖ్యలుగా దాగిన సత్యమునే చెప్పుచున్నాడు. అదే సమయమున కొలంబోలోని ఉపాధ్యాయుడు తన పటములో ‘ఞ’ తరువాతి గడిని చూపి ఒకే అక్షరముగ చదివించుచున్నచో, అతడును 3493 అను సత్యమునే చెప్పుచున్నాడు. బడిలో నేర్పిన లెక్కయే యంత్రములోనికి పోయినది.